పటానికి తీసిన ఎక్స్‌రే

ఈ వృత్తిలోకి కొత్తగా వస్తున్నవారికి నేను ముందుగా చెప్పదలచినది ఒక్కటే. ఫిల్ము తప్పు చెప్పదు. దాని కింద మనం రాసే మాట తప్పవచ్చు. ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసులో నేను సంతకం చేసిన రిపోర్టులు పదకొండు వేల పైచిలుకు. వాటిలో ఫిల్మును తప్పుగా చదివినవి, నా రిజిస్టరు ప్రకారం, ఆరు. ఆ ఆరింటినీ మళ్ళీ తీసి, సరిదిద్ది, తేదీ వేసి మూసేశాను. వాటి గురించి నాకు చింత లేదు. ఏడోది వేరు. అందులో ఫిల్మును సరిగ్గానే చదివాను.

మా పని ఏమిటో తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఓడరేవులోని చమురు ట్యాంకులు, ఉక్కు కర్మాగారం కోసం వేస్తున్న గొట్టాలు, వీటి వెల్డింగ్ అతుకుల లోపల కంటికి కనబడని లోపాలు ఉంటాయి. అతుకుకు ఒక పక్క ఎక్స్‌రే యంత్రం, రెండో పక్క ఫిల్ము పెట్టి వాటిని బయటపెట్టాలి. ఫిల్ము మీద నల్లగా పడింది బోలు, తెల్లగా పడింది బరువైన పదార్థం. చూసింది చూసినట్టు ఫారంలో నింపాలి. ఫారంలో ఆఖరి గడి పేరు ‘తీర్పు’. ఆమోదం, తొలగించవలెను, తిరస్కారం అనే మూడింటిలో ఒకటి అందులో ఉండి తీరాలి. ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి వచ్చేది. 1984 నాటికి ఆ గడిని పదిహేనేళ్ళుగా నింపుతూ ఉన్నాను.

అప్పట్లో మా షెడ్డు ఆటోనగర్‌లో ఉండేది. నాతోపాటు డార్క్‌రూమ్ పనికీ, ఫిల్ములు కట్టడానికీ, తాళ్ళు కట్టి జనాన్ని దూరంగా ఉంచడానికీ ఒక సహాయకుడు ఉండేవాడు. వయసు ముప్ఫై రెండు. విజయనగరం అవతల ఒక పల్లెలో రైతు కుటుంబం వాడు. కూర్మన్నపాలెంలో ఒక గది అద్దెకు తీసుకుని భార్యతో ఉండేవాడు. నన్ను తప్ప ప్రతి మగవాడినీ బావా అని పిలిచేవాడు. ఎత్తైన గొట్టాల మీద నడిచేటప్పుడు కూడా మాట్లాడటం ఆపేవాడు కాదు. ఒక్క విషయం మీద మాత్రం మాట్లాడేవాడు కాదు. వాళ్ళకు ఇద్దరు బిడ్డలు పుట్టి పోయారు. ఒకరు ఇరవై రెండో రోజున, మరొకరు నాలుగో నెలలో. ఈ అంకెలు నాకు అతని సెలవు చీటీల వల్ల తెలుసు.

ఆ సంవత్సరం జూలైలో వన్ టౌన్‌లోని ఒక పాత చర్చి ఫాదర్ మా షెడ్డుకు వచ్చారు. చర్చిలో పక్క గోడకు ఒక నూనెరంగుల పటం ఉందనీ, దాని మీద రంగు పెచ్చులు లేస్తోందనీ, ఒక పెచ్చు ఊడిన చోట కింద వేరే రంగు కనిపిస్తోందనీ చెప్పారు. బాగుచేయించడానికి కలకత్తా నుంచి ఒక నిపుణుడిని పిలిపించే ముందు, కింద ఏముందో ఎక్స్‌రేతో తెలుసుకోవచ్చని ఎక్కడో చదివారట. మా ఎక్స్‌రే యంత్రం ఆగస్టు రెండో వారంలో ఖాళీగా ఉంటుంది. మా యజమాని సరే అన్నాడు. నేనూ సరే అన్నాను. పనికిరాని కుతూహలం నాకు లేదని అంతవరకూ అనుకునేవాణ్ణి.

పటం కొలతలు: ఎత్తు నాలుగు అడుగుల ఏడు అంగుళాలు, వెడల్పు మూడు అడుగుల ఐదు. చిత్రకారుని పేరు లేదు, తేదీ లేదు. నేపథ్యం దాదాపు నలుపు. ఎడమ పక్క ఒక దీపం, దాని వెలుగులో జుట్టు విరబోసుకుని కూర్చున్న ఒక స్త్రీ, ఆమె ఒళ్ళో పొత్తిగుడ్డల్లో ఒక పసిబిడ్డ. వన్ టౌన్‌లో దానిని అందరూ బిడ్డతల్లి మరియమ్మ అనేవారు. మతంతో నిమిత్తం లేకుండా, బిడ్డలు కలగనివారూ, కలిగి పోయినవారూ వచ్చి కొవ్వొత్తి వెలిగించి, చట్రం కింది అంచును ముట్టుకుని వెళ్ళేవారు. అంచు ఆ చోట ఒక అడుగు మేర వార్నిష్ పోయి తెల్లబడి ఉంది. నా సహాయకుడి భార్య హిందువు. నెలకు రెండుసార్లు బస్సెక్కి అక్కడికి వెళ్ళేది. అప్పటికి ఆమెకు ఏడో నెల.

“ఈ పద్ధతిని బరోక్ అంటారు,” అన్నారు ఫాదర్. “మూడు వందల ఏళ్ళ కిందటి యూరప్‌ది. ఇది అసలు కాకపోవచ్చు, ఎవరో చూసి వేసిన నకలు కావచ్చు. చిత్రమేమిటంటే, ఇలా చీకట్లో, దీపం ముందు, జుట్టు విరబోసుకుని కూర్చునేది ఏసు తల్లి కాదు. ఏసు శిష్యురాలు మగ్దలేనే మరియమ్మ. ఆమె ఒళ్ళో బిడ్డ ఉండకూడదు.”

“ఏముండాలి?” అని అడిగాను.

“పుర్రె. చావును ఒళ్ళో పెట్టుకుని ప్రార్థన చెయ్యమని ఆ కాలపు బోధ.”

1984 ఆగస్టు 9, గురువారం, ఉదయం పూజ ముగిశాక పని మొదలుపెట్టాం. పటాన్ని గోడ మీద నుంచి దించడానికి వన్ టౌన్‌లోనే అద్దాలూ పటాలూ కట్టే దుకాణం ఉన్న ఒక సాయిబుగారిని ఫాదర్ పిలిపించారు. తాతల నాటి నుంచి ఆ చర్చి పటాలకు చట్రాలు కట్టేది వాళ్ళే.

“భాయ్, నెమ్మది. ఇది నీ గొట్టం కాదు,” అన్నాడు సాయిబు.

“నలబై టన్నుల గొట్టాలు దించినోణ్ణి బావా నాను. ఇదో లెక్కేటి?”

“గొట్టం పడితే సొట్ట పోద్ది, అంతే. ఇది కింద పడితే వన్ టౌన్ ఆడోళ్ళంతా నా దుకాణం మీద పడతారు. పట్టుకో, పట్టుకో, అటు కాదు, ఇటు!”

బిడ్డ సంగతి తెలుసునా అని సాయిబును అడిగాను. తెలుసన్నాడు. ఒకసారి వన్ టౌన్‌లో పిల్లలు వరసగా పోయారట. ఒళ్ళో పుర్రె ఉన్న అమ్మను చూడలేమని ఆడవాళ్ళు చర్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయారట. ఓడల మీద పేర్లు రాసే ఒక పెయింటరు చేత అప్పటి ఫాదర్ పుర్రె మీద బిడ్డను వేయించాడట.

“ఎప్పుడు?” అన్నాను.

“మా తాత చెప్పేవాడు సాబ్.”

“ఏ సంవత్సరం?”

“సంవత్సరం అంటే… మా నాన్నకి ఇంకా నిక్కా కాలేదు.”

నేను దానిని రిజిస్టరులో రాయలేదు.

పటాన్ని వెనక హాల్లో బల్లల మీద పడుకోబెట్టి, చుట్టూ ముప్ఫై అడుగుల దూరంలో తాడు కట్టించాను. యంత్రం నడిచేటప్పుడు ఎవరూ తాడు దాటకూడదు. అంతలో వరండాలో గొంతు వినిపించింది. సహాయకుడి భార్య, చేతిలో కొవ్వొత్తి.

“ఏటే, నీకు సెప్పినాను కదా! ఈయాల రావొద్దని సెప్పినానా నేదా?”

“గురువారం గదా, ఒచ్చినాను. ఆయమ్మని కిందకెందుకు దించీసినారు? ఏటి సేత్తన్నారు?”

“ఒంట్లో ఏటుందో సూత్తన్నాం. అటెళ్ళు. ఇంకా అటు. ఆ గోడెనక్కెళ్ళిపో!”

“డాక్టరా నువ్వు?” అని నవ్వుతూనే ఆమె గోడ వెనక్కి వెళ్ళింది. నేను రేడియేషన్ మీటరు తీసుకుని ఆమె నిలబడిన చోటికి వెళ్ళి, యంత్రాన్ని ఒక నిమిషం నడిపించి చూశాను. ముల్లు కదలలేదు. దూరం నలభై నాలుగు అడుగులు, మధ్యలో రెండడుగుల మందం రాతి గోడ. రిజిస్టరులో రాసుకున్నాను. తాడు దగ్గరి కొలత రాయడం నియమం. గోడ వెనక కొలత రాయాలని ఏ నియమమూ లేదు.

మొదటి ఫిల్ము మీద ఏమీ పడలేదు. తప్పు నాదే. గొట్టాలకు ఫిల్మును రెండు సీసపు రేకుల మధ్య పెడతాం. అది మాకు చెప్పులు విడిచి గుడిలోకి వెళ్ళినంత అలవాటు. గుడ్డ మీద రంగు కోసం ఎక్స్‌రే బలాన్ని బాగా తగ్గించాం. ఆ కొంచెమూ పై రేకులోనే ఆగిపోయింది. మా వృత్తివాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ పొరపాటు చెయ్యలేరు.

“అమ్మ ఫోటోకి ఒప్పుకోనేదు సార్,” అన్నాడు సహాయకుడు ఆ ఖాళీ ఫిల్మును చూస్తూ. “అడిగి తియ్యాలి గదా.”

రేకులు తీసేసి, వట్టి నల్లకాగితం కవరులో పెట్టి మళ్ళీ తీశాను. ఒడి భాగానికి మూడు ఫిల్ములు, ముఖానికి ఒకటి. ఒక్కొక్కటి పన్నెండు అంగుళాల వెడల్పు, పదిహేను అంగుళాల పొడవు. సాయంత్రం మా డార్క్‌రూమ్‌లో ఎర్రదీపం కింద రెండో ఫిల్ము ద్రావకంలో ఉండగానే రూపం కట్టింది. కడిగి, లైటుపెట్టె మీద పెట్టాం.

“ఇదేటి సార్?” అన్నాడు.

“పుర్రె.”

“బిడ్డేడీ?”

“పుర్రెను సీసం కలిసిన తెల్లరంగుతో వేశారు. సీసం బరువు, అందుచేత తెల్లగా పడింది. బిడ్డను వేసిన రంగులో సీసం లేదు. ఎక్స్‌రే దానిగుండా వెళ్ళిపోతుంది.”

అతను పెట్టె మీదికి వంగి చూశాడు. “అయితే మీ మిషనుకి బిడ్డ ఆనదన్నమాట.”

“ఆనదు.”



ఆగస్టు 11న రిపోర్టు రాశాను. దాని నకలు ఇప్పటికీ నా దగ్గర ఉంది, మంచి రిపోర్టు. పుర్రె పొడవు, వెడల్పు, దవడ కోణం, స్త్రీ ముఖంతో దాని నిష్పత్తి, దానినిబట్టి అది వయోజనుల పుర్రె అనే నిర్ధారణ, పై పూత హద్దులు, అన్నీ అంకెలతో ఉన్నాయి. చివరికి తీర్పు గడి వచ్చింది. అతుకులో పరాయి పదార్థం కనిపిస్తే ఏమి రాస్తామో అదే రాశాను: ‘పరాయి పూత. తొలగించవలెను.’ రాయడానికి అర నిమిషం కూడా పట్టి ఉండదు. నన్ను అడిగింది కింద ఏముందని మాత్రమే. పైనున్నదానిని ఏమి చెయ్యాలని ఎవరూ అడగలేదు.

చర్చి కమిటీ సభ్యులు ఏడుగురు. వాళ్ళు అంకెలు చదవలేదు, తీర్పు చదివారు. యంత్రమే చెప్పాక ఇంకేమిటని, బిడ్డను గీకించి అసలు చిత్రాన్ని బయటికి తీయాలని తీర్మానించారు. ఫాదర్ కలకత్తాకు ఉత్తరం రాశారు. నిపుణుడు సెప్టెంబరు మూడో వారంలో వస్తానన్నాడు. సహాయకుడి భార్యకు డాక్టరు చెప్పిన ప్రసవం రోజులూ అవే.

సంగతి తెలిసిన రోజు అతను షెడ్డులో నా బల్ల ముందు నిలబడ్డాడు.

“సార్, ఆ ఒక్క ముక్క కొట్టీండి.”

“ఫిల్ములో ఉన్నదే రాశాను.”

“ఫిల్ములో పుర్రుంది. నాను నేదంతన్నానేటి? తీసీమని ఫిల్ము సెప్పిందేటి?”

 ఆఫీసుల్లో అందరూ అనే మాటే అన్నాను. “రిపోర్టు వెళ్ళిపోయింది.”

“అది ఆయమ్మకి మొక్కుకుంది సార్. ఈసారి బిడ్డ దక్కితే ఒడిలో ఎట్టి సూపిస్తానంది. నెలలు నిండీసరికి ఆయమ్మ ఒళ్ళో పుర్రె కనబడితే ఏటైపోతాదో, మీరే సెప్పండి.”

మొక్కులకు లెక్క కట్టే పద్ధతి నాకు తెలియదని చెప్పాను. ఆ మాట అనకుండా ఉండవలసింది. తరువాత పన్నెండు రోజులు అతను నాతో పనికి అవసరమైన రెండే మాటలు మాట్లాడాడు: ఆన్, ఆఫ్. గొట్టాల మీద కూడా మౌనంగా నడిచాడు. ఆ మౌనాన్ని నేను తట్టుకున్నాను. కానీ అతను అడిగిన ప్రశ్న పోలేదు. ఫారం నకలు తీసి ఎన్నిసార్లు చూసినా, పై తొమ్మిది గడుల్లో ఉన్నది పదో గడికి దారి తీయడం లేదు.

సెప్టెంబరు 2, ఆదివారం, తీర్మానం ఖాయం చేయడానికి కమిటీ మళ్ళీ కూర్చుంది. ఫిల్ములు చూపించడానికి నన్ను రమ్మన్నారు. లైటుపెట్టె మోయడానికి సహాయకుడు వచ్చాడు. వెనక బెంచీల మీద పదిహేను, ఇరవై మంది ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళలో అతని భార్య కూడా ఉంది. చట్రం సంగతి తేల్చుకోవడానికి వచ్చిన సాయిబు తలుపు దగ్గర నిలబడ్డాడు.

నేను ఫిల్మును వెలిగించాను. ఎవరో “అమ్మో” అన్నారు. కమిటీ పెద్ద రిటైరైన పంతులుగారు. ఆడవాళ్ళ వైపు తిరిగి, బోర్డు ముందు చెప్పినట్టు చెప్పారు.

“చూశారు కదా! అసలు చిత్రం ఇది. బిడ్డను ఎవరో పైన పూశారు. ఇన్నాళ్ళూ మీరు మొక్కుతున్నది ఒక అబద్ధానికి.”

అతని భార్య లేచి నిలబడింది. నిలబడటానికి బెంచీ పట్టుకోవలసి వచ్చింది. సహాయకుడు “కూకోయే, నువ్వు కూకో” అని గొణిగాడు. ఆమె కూర్చోలేదు.

“కింద పుర్రుందని మా ఆయన ఆ రోజే సెప్పీసినాడు బాబూ. నాకు దానికేటి బయమ్నేదు. నాను ఇద్దర్ని గోతిలో ఎట్టొచ్చినదాన్ని. మన్ను కింద ఏటుంటాదో నాకు తెలీదేటి? పైన గడ్డి మొలిసింది. అదబద్ధమనీసి పీకీమంటారేటి?”

పంతులుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

తలుపు దగ్గర నుంచి సాయిబు, “మా తాత కూడా దాదాపు ఇదే మాట చెప్పాడు సాబ్. కాకపోతే ఆయన తేదీ చెప్పలేదు,” అన్నాడు నా వైపు చూస్తూ.

అప్పుడు ఫాదర్ నన్ను అడిగారు. “నాలుగో ఫిల్ము ముఖానిది కదా. అక్కడ ఏమైనా మార్చారా? కళ్ళు, చూపు?”

నాలుగో ఫిల్మును పెట్టెకు తగిలించాను. జవాబు ముందే తెలుసు. దానిని రిపోర్టులో ఏడో గడిలో రాసిందీ నేనే. అయినా మరొకసారి భూతద్దంతో చూశాను. “లేదు. ముఖం మీద పై పూత ఎక్కడా లేదు. కళ్ళు మొదట వేసినవే.”

“అంటే పుర్రెను చూడటానికి వేసిన చూపు…”

“అదే చూపు. ఆ పెయింటరు దానిని మార్చలేదు. మార్చవలసిన అవసరం అతనికి కనిపించి ఉండదు.”

రెండో వాక్యం కొలతకు అందేది కాదు. దానిని ఎందుకన్నానో ఈరోజుకీ చెప్పలేను.  పంతులుగారి చేతిలోని నా రిపోర్టును అడిగి తీసుకుని, తీర్పు గడిలోని మాటలను ఒక్క గీతతో కొట్టివేసి, పక్కన తేదీ వేసి సంతకం చేశాను. బదులుగా ఏమి రాస్తారని ఆయన అడిగారు. ఏమీ రాయనని చెప్పాను. కింద ఏముందో చెప్పడం వరకే నా పని. పైనున్నది ఉండాలో వద్దో చెప్పడానికి నా దగ్గర యంత్రం లేదు.

ఓటు వేశారు. ఐదుగురు బిడ్డ ఉండాలన్నారు, ఇద్దరు వద్దన్నారు. పంతులుగారు ఆ ఐదుగురిలో ఉన్నారు. కలకత్తా నిపుణుడు వచ్చి, లేచిన పెచ్చులను మాత్రం అతికించి వెళ్ళాడు. ఆ ఆదివారం బస్టాపు దాకా లైటుపెట్టె మోసుకుంటూ నా సహాయకుడు, ట్యాంకు పనికి కొత్తగా వచ్చిన ఇంజనీరు నడక ఎలా ఉంటుందో చెప్పడం మొదలుపెట్టాడు. దాదాపు గాజువాక వచ్చేదాకా ఆపలేదు.

ఇక్కడితో ముగించగలిగితే బాగుండేది. రిజిస్టరు ఒప్పుకోదు.

సెప్టెంబరు 20న వాళ్ళకు ఆడపిల్ల పుట్టింది. బరువు రెండు కిలోల వంద గ్రాములు. 28న పోయింది.

అతను అక్టోబరు మొదటివారంలో పనికి వచ్చాడు. మూడు రోజుల తరువాత, ఫిల్ములు కత్తిరిస్తూ, తల ఎత్తకుండా అడిగాడు. “సార్, ఆ రోజు అది చర్చికాడికొచ్చింది. మీ మిషను ఆడతన్నాది. దానివల్లేటైనా…”

నేను రిజిస్టరు తీసి పేజీ చూపించాను. ఆగస్టు 9, గోడ వెనక, నలభై నాలుగు అడుగులు, మీటరు ముల్లు సున్నా. అతను ప్రతి అంకె మీదా వేలు పెట్టి చదివాడు. “అయితే కాదు,” అన్నాడు. “కాదు,” అన్నాను. ఆ అంకె నన్ను నిర్దోషిని చేసింది. అంతకు మించి ఏమీ చేయలేదు. నా వృత్తిలో నేను తీసుకున్న కొలతలన్నిటిలోనూ, తీసుకోమని ఎవరూ చెప్పకుండా తీసుకున్నది అదొక్కటే. అది లేకపోతే ఆ రోజు అతనికి ఏమి చూపించేవాణ్ణో నాకు తెలియదు. మీరు కూడా నియమం అడగని చోట ఒక కొలత తీసుకోండని చెప్పడానికే దీనిని ఇంత వివరంగా రాశాను.

అక్టోబరు 17, బుధవారం, మధ్యాహ్నం ఆమె ఒక్కతే షెడ్డుకు వచ్చింది. భర్త పోర్టులో పని మీద ఉన్నాడు. ఆ సంగతి ఆమెకు తెలుసు.

“ఆ ఫిల్ము ఓపాలి సూపించండి బాబూ.”

రెండో నంబరు ఫిల్మును కవరులోంచి తీసి, లైటుపెట్టె వెలిగించబోయాను. అక్కర్లేదని, ఫిల్మును రెండు చేతులతో అంచులు పట్టుకుని కిటికీ వెలుగుకు ఎత్తింది. అంచులు మాత్రమే పట్టుకోవాలని ఆమెకు భర్త నేర్పి ఉంటాడు. నేను గడియారం చూశాను. ఎక్స్‌రే తీసేటప్పుడు సెకన్లు లెక్కపెట్టే అలవాటు తప్ప వేరే కారణం లేదు. నాలుగు నిమిషాల పది సెకన్లు.

“చర్చికి వెళ్తున్నావా?” అని అడిగాను.

“ఎల్తన్నాను. నిన్న గూడా ఎల్లినాను.” కళ్ళు ఫిల్ము మీదే ఉన్నాయి. “బాబూ, ఇది బిడ్డ పుర్రా, పెద్దోల్ల పుర్రా?”

రిపోర్టు చూసుకోవలసిన అవసరం లేదు. ఆ నిష్పత్తులు నాకు కంఠస్థం.

“పెద్దవాళ్ళదే. అందులో సందేహం లేదు.”

ఆమె మరికొంచెంసేపు చూసింది.

“అయితే ఎదిగిందన్నమాట,” అంది.

ఫిల్మును కవరులో పెట్టి, నా చేతికిచ్చి, రోడ్డు దాటి, కూర్మన్నపాలెం బస్సు ఎక్కింది.